లక్ష కామెంట్లలో పెదజాలారిపేట ఎక్కడ?

లెక్కా పత్రం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్ వంటి చోట్ల జనం రాసుకునే మాటలను పోగుచేసి సమాజం గురించి ఏదైనా తేల్చి చెప్పవచ్చా అని. ఉద్యోగ జీవితమంతా సర్వే కాగితాలు పట్టుకుని ఇళ్ల తలుపులు తట్టినదాన్ని. నాకు కొంత పక్షపాతం తప్పదు. అది తెలిసే చదవండి.

ప్రశ్న: నేను సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. విశాఖ సముద్రతీరం ఎలా ఉండాలని నగర ప్రజలు కోరుకుంటున్నారన్నది నా అంశం. స్థానిక ఫేస్‌బుక్ పేజీల నుంచి, యూట్యూబ్ వీడియోల కింద నుంచి లక్షకు పైగా కామెంట్లు సేకరించాను. కంప్యూటర్‌తో విడదీస్తే ఎక్కువ భాగం పర్యాటకం ఇంకా పెరగాలన్నట్టు తేలింది. ఇంత పెద్ద శాంపిల్ చేతిలో ఉండగా ఇంకా సర్వే ఎందుకని మా గైడ్ గారు అంటున్నారు. నిజమేనా?
– పరిశోధక విద్యార్థిని, పెదవాల్తేరు

జవాబు: నిజం కాదమ్మా. ఈ మాట గైడ్ గారితో ఎలా చెప్పాలో మీకే తెలుసు. కావాలంటే ఈ పత్రికను ఆయన బల్ల మీద మరచిపోయినట్టు వదిలేసి రండి.

ముందు మీ లక్షలో మనుషులు ఎంతమందో చూడండి. కామెంట్లను కాదు, వాటి వెనక ఉన్న ఖాతాలను లెక్కపెట్టండి. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అక్కడి వయోజనులు ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) పెట్టిన పోస్టుల్లో 80 శాతం కేవలం 10 శాతం మంది రాసినవే. పొద్దున లేచింది మొదలు ప్రతి పోస్టు కిందా హాజరు వేయించుకునే మహానుభావులు మన ఊళ్లోనూ ఉన్నారు. ఒకరు నలభై సార్లు అన్న మాట నలభై మంది మాట అయిపోదు. అసలు మనుషులే కాని ఖాతాల సంగతి వేరు. 2017లో ఒక పరిశోధక బృందం, ట్విట్టర్‌లో చురుకుగా ఉన్న ఇంగ్లీషు ఖాతాల్లో 9 నుంచి 15 శాతం దాకా యంత్రాలు నడిపేవేనని అంచనా వేసింది. ఒకే వాక్యం అక్షరం పొల్లు పోకుండా పదుల ఖాతాల నుంచి ఒకే పూట వచ్చి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. పక్కన పెట్టినవి ఎన్నో, ఎందుకు పెట్టారో కూడా రాసుకోండి.

అసలు చిక్కు ఇది కాదు. రాసినవాళ్ల గురించి ఎంతో కొంత తెలుసుకోవచ్చు. రాయనివాళ్లు మీ కంప్యూటర్‌లోకి రానే రారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం, పురుషుల్లో 48.8 శాతం. ఆ తరువాత ఫోన్లు పెరిగిన మాట వాస్తవమే. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది ఆడవాళ్ల చేతిలో ఉండటం వేరు, ఆ చేత్తో తెలియనివాళ్ల పేజీలో బహిరంగంగా అభిప్రాయం రాయడం ఇంకా వేరు.

మీరు వాల్తేరులోనే ఉన్నారు. పెదజాలారిపేట మీకు నడిచి వెళ్లే దూరం. ఆ తీరాన్ని రోజూ వాడుకునేవాళ్లు అక్కడి మత్స్యకారులు: పడవ పైకి లాగడానికి చోటు కావాలి, వల ఆరబెట్టడానికి చోటు కావాలి, చేపలు ఎండబెట్టడానికి చోటు కావాలి. అక్కడ ఎవరినైనా అడిగి చూడండి, కబుర్లన్నీ వాట్సాప్‌లో గొంతు సందేశాలుగా నడుస్తాయి. టైపు చేసే ఓపిక, అవసరం ఎవరికీ లేవు. ఆ గ్రూపుల్లోకి మీ ప్రోగ్రాం వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. కాబట్టి తీరం గురించి మీరు పోగుచేసిన లక్ష మాటల్లో, ఆ తీరం మీద బతికేవాళ్ల మాట దాదాపు సున్నా కావచ్చు. ఇంకో లక్ష చేర్చినా సున్నా సున్నాగానే ఉంటుంది.

ఇది నా చాదస్తం అనుకుంటే అమెరికాలో జరిగింది వినండి. కోవిడ్ టీకా ఎంతమంది వేయించుకున్నారో తెలుసుకోవడానికి అక్కడ ఫేస్‌బుక్ ద్వారా ఒక భారీ సర్వే నడిచింది. వారానికి సుమారు 2,50,000 మంది జవాబులిచ్చారు. మరో సంస్థ దాదాపు వెయ్యి మందితో, ఎంపికలో జాగ్రత్తపడి, చిన్న సర్వే చేసింది. టీకా వేసినచోట నమోదైన అసలు లెక్కతో పోల్చి చూస్తే, 2021 మే నాటికి ఫేస్‌బుక్ సర్వే 17 శాతం పాయింట్లు ఎక్కువ చెప్పింది. వెయ్యి మంది సర్వే వాస్తవానికి దగ్గరగా ఉంది. ఆ రెండున్నర లక్షల జవాబుల విలువ, నిజమైన లాటరీ పద్ధతిలో ఎంచుకున్న పదిమందిని అడిగినదానికి సమానమని పరిశోధకులు తేల్చారు. పదివేలు కాదు, పదిమంది! 2021 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ఈ వ్యాసం వచ్చింది. గైడ్ గారి కోసం చెబుతున్నాను.

కారణం కష్టమైనదేమీ కాదు. శాంపిల్ పెరిగితే తగ్గేది యాదృచ్ఛికంగా వచ్చే తేడా మాత్రమే. ఎవరు రాశారు, ఎవరు రాయలేదు అన్న ఎంపికలో ఉన్న తేడా అలాగే నిలిచి ఉంటుంది. పైగా పెద్ద సంఖ్య చూసి మన ధీమా పెరుగుతుంది, తప్పు లెక్కను గట్టిగా చెబుతాం.

స్త్రీల కామెంట్లు తక్కువ ఉంటే వాటికి ఎక్కువ బరువు ఇచ్చి సరిచేయవచ్చు కదా అని మీరు అడగబోతారు. చేయవచ్చు, కొంతవరకు. అయితే కామెంటు రాసే మహిళ సీతమ్మధారలో ఉండే బ్యాంకు ఉద్యోగి అయితే, ఆమె మాటకు ఎంత బరువు కట్టినా అది తలమీద గంపతో చేపలమ్మే ఆమె మాట అయిపోదు.

ఇక యంత్రం చేత చదివించడం గురించి. మనవాళ్లు తెలుగును సగం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒక్క ‘బాగుంది’నే నాలుగైదు రకాలుగా రాస్తారు. ‘ఆహా, బీచ్ ఎంత శుభ్రంగా ఉంచారో, దండలు వేయాలి’ అన్నది యంత్రానికి పొగడ్తలా కనిపిస్తుంది. మూడు వందల కామెంట్లు చీటీలు తీసినట్టు ఎంచి, ఇద్దరు మనుషుల చేత విడివిడిగా గుర్తు పెట్టించండి, ఒకరిది ఒకరు చూడకుండా. ఇద్దరికీ ఎంత పొత్తు కుదిరిందో చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: నూటికి తొంభై కామెంట్లు ఒకే రకం అయితే, ఇద్దరూ కళ్లు మూసుకుని అదే దామాషాలో గుర్తులు పెట్టుకుంటూ పోయినా 82 శాతం పొత్తు కుదురుతుంది. అలా ఊరికే కుదిరేదాన్ని తీసేసి మిగిలింది చూపే కొలత ఒకటుంది, కొహెన్ కప్పా అంటారు. అది తక్కువగా వస్తే మనుషులకే అర్థం తేలలేదన్నమాట, యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు.

మరి ఏం చేయాలి? కామెంట్లు పారేయవద్దు. వాటి పక్కన ఒక చిన్న ఇంటింటి సర్వే పెట్టండి. నాలుగు వందల ఇళ్లను నిజంగా లాటరీ తీసినట్టు ఎంచుకుంటే, నూటికి 95 సార్లు మీ లెక్క అటూ ఇటూ 5 శాతం పాయింట్లలో ఉంటుంది. మహా విశాఖ నగరపాలక సంస్థకు 98 వార్డులున్నాయి. ఇరవై వార్డులు చీటీలతో తీసి, ఒక్కోదాంట్లో ఇరవై ఇళ్లు చూడవచ్చు. ఇరుగుపొరుగు ఇళ్లు ఒకేలా ఆలోచిస్తాయి కాబట్టి ఆ 5 కాస్త పెరుగుతుంది, అంతే. ఎంచుకున్న ఇంటికి తాళం ఉంటే మాత్రం పక్కింటికి జరగకండి. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎండకు తాళలేక చేసే పని అదే. తాళం వేసిన ఇల్లంటే ఇంట్లో అందరూ పనికి వెళ్లే ఇల్లు. దాన్ని వదిలేస్తే ఒక రకం మనుషులు మొత్తంగా పోతారు. వేళ మార్చి మళ్లీ వెళ్లండి. జాలారిపేటలో మగవాళ్లు తెల్లవారకముందే కడలి మీద ఉంటారు, చేపలమ్మే ఆడవాళ్లు మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం ఉంటుంది గనుక అప్పుడైతే ఎక్కువమంది దొరుకుతారు. కానీ చేతిలో డబ్బు ఆడని రోజుల జవాబులో ఆ రోజుల చిరాకు కూడా కలిసి ఉంటుందని పక్కన రాసుకోవాలి.

కామెంట్ల వల్ల మీకు వచ్చే లాభం ఇంకో చోట ఉంది. ఎవరూ అడగకుండానే జనం ఏ సంగతులు ఎత్తుకుంటున్నారో అవి చూపిస్తాయి. పార్కింగ్, కుక్కలు, మరుగుదొడ్లు, రాత్రి దీపాలు: ఇవి మీ ప్రశ్నాపత్రంలోకి రావాలి. ఎంతమంది అన్న ప్రశ్నను మాత్రం వాటిని అడగకండి. వ్యాసం శీర్షికలో ‘నగర ప్రజల అభిప్రాయం’ తీసేసి, ఫలానా నెలల్లో ఫలానా పేజీల్లో కామెంట్లు రాసినవారి మాటలని పెట్టండి.

మన ఎ.వి.ఎన్. కళాశాలలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను గణితం చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ నడిపే గణాంక సంస్థలో చేరిన ప్రసిద్ధ గణాంకవేత్త సి.ఆర్.రావు గారి ఊరండి ఇది. ఇక్కడి నుంచి వెళ్లే పరిశోధనలో శాంపిల్ సంగతి తేలికగా తీసుకుంటే నాకు కోపం రావడం సహజమే కదా.

ప్రశ్న: తుఫాను వచ్చినప్పుడు ఎక్కడ నష్టం ఎక్కువగా ఉందో జనం పెట్టే పోస్టులను బట్టి అధికారులు తెలుసుకోవచ్చు కదా? ఎందుకు చేయరు?
– విశ్రాంత ఉద్యోగి, గాజువాక

జవాబు: కొంత చేస్తున్నారండి. అయితే మీరు హుద్‌హుద్ చూసే ఉంటారు. 2014 అక్టోబరు 12న అది మన తీరం దాటాక కరెంటు, సెల్ టవర్లు రోజుల తరబడి లేవు. దెబ్బ తిన్నవాడు పోస్టు పెట్టాలంటే ఫోనులో ఛార్జింగ్ ఉండాలి కదా. ఆ రోజుల్లో విశాఖ పేరుతో వచ్చిన ఆందోళనలో చాలా భాగం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, అమ్మానాన్నల ఫోను కలవక అల్లాడిన పిల్లలది. వాళ్ల ఖాతాలో ఊరి పేరు మాత్రం ‘వైజాగ్’ అనే ఉంటుంది.

2012లో న్యూయార్క్‌ను శాండీ తుఫాను కొట్టినప్పుడు కొద్ది రోజుల్లో రెండు కోట్లకు పైగా ట్వీట్లు వచ్చాయి. పరిశీలించినవాళ్లు చెప్పిందేమిటంటే, ఎక్కువ ట్వీట్లు మాన్‌హటన్ నుంచి. ఘోరంగా దెబ్బతిన్న బ్రీజీ పాయింట్, రాకవే, కోనీ ఐలాండ్ నుంచి చాలా తక్కువ. పోస్టుల సంఖ్యను బట్టి సహాయం పంపితే బ్యాటరీ ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వెళతాం.

నన్నడిగితే పోస్టులు పెరిగిన చోటు కంటే ఆగిపోయిన చోటు చూడాలి. మామూలు రోజుల్లో గాజువాక నుంచి గంటకు ఎన్ని వస్తాయో ముందే లెక్క ఉంటే, ఒక్కసారిగా మాట పడిపోయిన ప్రాంతానికి మొదట మనిషిని పంపవచ్చు. మామూలు రోజుల్లోనే మాట వినపడని కొండవాలు పేటలకు ఈ ఉపాయం కూడా పనిచేయదు. అక్కడికి మాత్రం నడిచి వెళ్లాల్సిందే.

ప్రశ్న: మా వార్డులో డెంగీ పెరుగుతున్నప్పుడు ముందుగా సామాజిక మాధ్యమాల్లోనే గోల మొదలవుతుంది. దాన్ని బట్టి హెచ్చరిక ఇవ్వవచ్చా?
– ఆరోగ్య కార్యకర్త, ఆరిలోవ

జవాబు: ఈ ఆశ గూగుల్ వాళ్లకూ కలిగిందమ్మా. జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ జ్వరాల అంచనా 2008లో మొదలుపెట్టారు. 2011లో డెంగీకి కూడా తెచ్చారు, అందులో భారతదేశమూ ఉంది. 2012–13 చలికాలంలో అమెరికాలో ఫ్లూ అంచనా ప్రభుత్వ లెక్కకు దాదాపు రెట్టింపు చూపింది. వార్తల్లో గోల ఎక్కువై ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ వెతకడం ఒక కారణమని, వెతికే పెట్టెలో సంస్థ తానే సూచనలు చూపే పద్ధతి మార్చడం మరొకటని విశ్లేషకులు అన్నారు. 2015లో ఆ అంచనాలు ప్రకటించడం మానేశారు. కొలబద్ద యజమాని తన వ్యాపారం కోసం కొలబద్దనే మారుస్తూ ఉంటే, పెరిగింది జ్వరమో గీతల మధ్య దూరమో మనకెలా తెలుస్తుంది?

ఆ కథలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. తరువాత పరిశోధకులు పోల్చి చూస్తే, రెండు మూడు వారాల కిందటి ఆసుపత్రి లెక్కను ముందుకు పొడిగిస్తే చాలు, గూగుల్ అంచనా కంటే మెరుగ్గా వచ్చింది. మీరూ అదే పరీక్ష పెట్టండి. మీ దగ్గర జ్వరాల రిజిస్టరు ఉంటుంది, ఎలిసా రక్తపరీక్షలో తేలిన కేసుల లెక్క ఉంటుంది. వారం వారం పోస్టుల సంఖ్యను దాని పక్కన రాయండి. మీ రిజిస్టరు చెప్పలేని ముందుమాట ఏదైనా పోస్టులు చెప్పాయా? ఒకటి రెండు వర్షాకాలాలు చెబితే అప్పుడు నమ్మండి. ‘జ్వరం’ అని వెతికేటప్పుడు ఎన్నికల జ్వరం, క్రికెట్ జ్వరం తీసేయడం మరవకండి. అవి మన ఊళ్లో ఏ కాలంలోనైనా ఉంటాయి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్లు వదిలే వేళ మీద ఓటింగ్ పెట్టాను. ముప్పై మంది ఓటు వేశారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు కదా, మిగతావాళ్లు ఎందుకు గొడవ చేస్తున్నారు?
– నివాసుల సంఘం కార్యదర్శి, మురళీనగర్

జవాబు: అడుగు మాడి, పైన పలుకుగా ఉన్న గిన్నెలో మీరు ఏ మెతుకు పట్టుకున్నారు? ఓటు వేసింది ఫోను చూస్తూ కూర్చోగలిగినవాళ్లు. తెల్లవారుజామున షిఫ్టుకు పోయే ఇల్లు, గ్రూపులో లేని అద్దెవాళ్లు, గ్రూపులో ఇంటాయన పేరే ఉండి నీళ్లు పట్టేది మాత్రం ఇంటావిడ అయిన ఫ్లాట్లు: ముందు వీళ్లను అడగండి. ఫ్లాట్ల సంఖ్య చిన్నదే కదా, శాంపిల్ ఎందుకు? లిఫ్టులో ఒక కాగితం అంటించండి, లేదా వాచ్‌మన్ గారిని అడగండి. నీళ్ల సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఎన్నికల ఫలితం హ్యాష్‌ట్యాగ్‌లను బట్టి తెలుస్తుందా అని కూడా చివర అడిగారు. 2009 జర్మనీ ఎన్నికల్లో పార్టీల పేర్లున్న ట్వీట్ల వాటా, ఓట్ల వాటా దగ్గరగా ఉన్నాయని ఒక బృందం రాసింది. తరువాత వేరేవాళ్లు చూస్తే, మొదటివాళ్లు లెక్కలో వదిలేసిన పైరేట్ పార్టీని కలిపితే ట్వీట్లలో అందరికంటే ముందు అదే. దానికి పడిన ఓట్లు 2 శాతం.

ప్రశ్న: జనం బహిరంగంగా పెట్టిన పోస్టులే కదా, ప్రాజెక్టు కోసం వాడుకుంటే తప్పేముంది? పేర్లు తీసేస్తున్నాను కూడా.
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: చట్టం విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది బాబూ. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఎవరికి వారు బహిరంగపరచిన సమాచారానికి వర్తించదు. పరిశోధనకు, గణాంకాలకు షరతులతో మినహాయింపు కూడా ఇచ్చింది. అయితే పదిమంది మిత్రుల కోసం రాసుకున్న మాట మీ ప్రాజెక్టు గోడ మీద కనబడితే ఆ రాసినామె ఎలా తీసుకుంటుందో చట్టం చెప్పదు.

పేరు తీస్తే చాలదు. 2006లో అమెరికాలోని ఏఓఎల్ సంస్థ సుమారు 6.5 లక్షల మంది వెతికిన మాటలను, పేర్ల బదులు అంకెలు పెట్టి, పరిశోధకుల కోసం విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే ఒక పత్రిక ఆ అంకెల్లో ఒకదాని వెనక ఉన్న వృద్ధురాలి ఇల్లు కనుక్కుని వెళ్లింది. ఆమె వెతికినవి తన ఊరు, తన ఇంటిపేరు, తన నొప్పులు. అంతకంటే ఆనవాలు ఏం కావాలి? మీరు కూడా ఒక పోస్టును ఉన్నదున్నట్టు ఉటంకిస్తే, ఆ వాక్యాన్నే వెతుకుపెట్టెలో వేసి ఎవరైనా మనిషిని పట్టుకోగలరు. భావం తీసుకుని మాటలు మార్చి రాయండి. ఫలానా పేటలో ఫలానా సంఘం నాయకురాలు అని వర్ణిస్తే పేరు రాసినట్టే.

మనుషుల మీద ప్రయోగాలు అసలే వద్దు. 2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్ 6,89,003 మందికి కనిపించే పోస్టుల్లో సంతోషపు మాటలనో బాధ మాటలనో తగ్గించి, వాళ్ల రాతలు ఎలా మారతాయో చూసింది. ఎవరికీ చెప్పలేదు. 2014లో వ్యాసం వచ్చాక గగ్గోలు పుట్టింది, వ్యాసం వేసిన పత్రికే ఆందోళన ప్రకటించాల్సి వచ్చింది. దొరికిన ప్రభావమేమో అతి స్వల్పం. అంత స్వల్ప విషయం తెలుసుకోవడానికి ఎంతమంది మనసులతో ఆడుకున్నారో చూడండి.

ప్రశ్న: ఎక్స్ ఇప్పుడు ఉచితంగా డేటా ఇవ్వడం లేదు. మాలాంటి విద్యార్థులకు దారేది?
– జర్నలిజం విద్యార్థి, సీతమ్మధార

జవాబు: 2023లో ఎక్స్ ఉచిత ద్వారం మూసింది, బహిరంగ పోస్టులను వెతికి చూసేందుకు ఫేస్‌బుక్ వాళ్లు నడిపిన క్రౌడ్‌టాంగిల్ అనే సాధనం 2024 ఆగస్టు 14న ఆగిపోయింది. యూరప్‌లో పరిశోధకులకు డేటా ఇవ్వాలని చట్టం చేశారు గాని అది మన దాకా రాదు. ఒక దారి ఉంది. ఎవరి ఖాతా డేటాను వారు దించుకునే వీలు ఈ సంస్థలన్నీ ఇస్తున్నాయి. మనుషులను కలిసి, ఎందుకో చెప్పి, ఒప్పుకున్నవారి దగ్గర ఆ ఫైలులో మీకు అవసరమైన భాగం మాత్రమే తీసుకోండి. ఇందులో ఇంకో సౌకర్యం ఉంది: మనిషి ఎదురుగా ఉంటాడు గనుక వయసు, పని, ఫోను ఇంట్లో ఎవరెవరు వాడతారన్నది అడగవచ్చు. మీ తరగతిలోనే మొదలుపెట్టి చూడండి. ఇచ్చినవారు ఎంతమందో, వద్దన్నవారు ఎంతమందో, ఎందుకు వద్దన్నారో రాసి పంపితే వచ్చే నెల ఇక్కడ వేస్తాను. వద్దన్నవారి లెక్క లేకుండా మాత్రం పంపకండి.